అమ్మాయిలకు మాత్రమే

ఆ సోమవారం తెల్లవారేసరికి కన్నబాబు డింగీలో, ఆ చిన్న ఇంజను పడవలో, ఐస్ పెట్టె పక్కన, రోజూ చిట్టిబాబు కూర్చునే చోట, అతని చెల్లెలు గౌతమి కూర్చుని ఉంది. జంగ్లీఘాట్ జెట్టీ మీద ఉన్నవాళ్లంతా చూశారు. పైకి అన్నది చిట్టిబాబు ఒక్కడే. వాళ్లిద్దరికీ ఆయన మేనమామ.

"ఆడకూతురు కాలెట్టిన పడవ నానెక్కనొరే. రేపొస్తాను" అని చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

కన్నబాబుకు ఇరవై రెండేళ్లు. తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో వల వేశాడు. అప్పటి నుంచీ ఇంట్లో మగవాళ్లందరిదీ అదే పని. కన్నబాబుకు మాత్రం విమానాల పిచ్చి. పన్నెండో తరగతిలో ఫిజిక్స్, లెక్కలు తీసుకుని మంచి మార్కులు తెచ్చుకున్నాడు. పైలట్ కోర్సు ఖర్చు తెలిశాక బ్యాంకుకు వెళితే, తాకట్టుకు ఏముందని అడిగారు. అదే ఏడు తండ్రి లోకనాథానికి భుజం పట్టేసింది, ఇంజను తాడు లాగలేకపోయాడు. కన్నబాబు డింగీ ఎక్కాడు.

స్కాలర్‌షిప్ ప్రకటన ముందు చూసింది అతనే. ఒక విమానాల కంపెనీ ఫౌండేషన్ పైలట్ శిక్షణకయ్యే ఖర్చంతా భరిస్తుందట. ఫోనులో చదువుతూ పోయాడు. వయసు సరిపోయింది, చదువు సరిపోయింది, మార్కులూ సరిపోయాయి. చివర్లో "అమ్మాయిలకు మాత్రమే" అని ఉంది. ఫోను వలల మీద పడేసి టీ తాగడానికి వెళ్లాడు. వచ్చాక ఆ ప్రకటన చెల్లెలికి పంపాడు. కింద ఒక్క మాట రాశాడు: నీకే.

గౌతమి కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. అన్న చదివిన పుస్తకాలే ఆమె చదివింది, అతని పిచ్చే ఆమెకూ అంటుకుంది. రాతపరీక్ష దాటింది. ఆ తరవాత వీడియోలో జరిగిన ఇంటర్వ్యూలో ఒక రిటైర్డ్ కెప్టెన్, సముద్రం మీద గాలి మారుతోందని మీవాళ్లకెలా తెలుస్తుందని అడిగాడు. అన్న చెప్పగా విన్నదంతా చెప్పింది. "మీరు స్వయంగా చూశారా?" అన్నాడాయన. లేదు సార్, మా పడవ నేనెప్పుడూ ఎక్కలేదంది. ఆఖరి ఇంటర్వ్యూకి హైదరాబాదు రమ్మన్నారు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అడిగింది. "అన్నియ్యా, నన్నొకపాలి డింగీ మీద తీసుకెళ్లు."

కన్నబాబు చేపముల్లు తీస్తూ నవ్వాడు. "విమానం నీకే, డింగీ కూడా నీకేనేటి?"

"ఏటలాగంటావు?"

"మరేటనాల? ఒకే ఇల్లు, ఒకే కూడు. మార్కులు నాయే ఎక్కువ. మగోడినని నాను ఔట్. మిడిల్ పాయింట్ పేటలో ఆఫీసరు కూతురు లవీనా ఉంది సూడు, కారులో కోచింగుకి ఎల్తాది. ఆ గుంటకి రూట్ క్లియర్. ఇదేం ఇన్సాఫ్, ఇదేం నాయం?"

గౌతమి కూర గిన్నె అతని వైపు జరిపింది. "లవీనా సంగతి సహీ బాత్. ఉన్నోళ్లకివ్వకూడదు. నీలాటోళ్లకీ ఒకటుండాల. ఒప్పుకుంటాను."

"నువ్వొప్పుకుంటే నాకేటొస్తాది?"

"ఉండు, సెప్పనీ. నీకు పన్నెండేళ్లప్పుడు నాన్న ఇంజను తాడు సేతికిచ్చాడు. గాలి సూపించాడు, మబ్బు సూపించాడు. నాను జెట్టీ మీద నిలబడి సూసేను. ఆడది ఎక్కితే సేప పడదన్నారు. అప్పుడు నువ్వడిగేవా, ఇదేం ఇన్సాఫని? అదీ స్కాలర్‌షిప్పే అన్నియ్యా. మగోళ్లకు మాత్రమే."

"ఆ స్కాలర్‌షిప్పు సేపల కంపు కొడతాది. కావాలంటే పట్టుకుపో."

"అదే కదా అడుగుతన్నాను!"

లోకనాథానికి నవ్వొచ్చి పొలమారింది. గోడకానుకుని కూర్చున్న మామ్మ మహాలక్ష్మమ్మకు నవ్వు రాలేదు. "మా అత్త ఎక్కలేదు, నానెక్కలేదు. ఇదెక్కుతాదంట!"

"వైజాగ్ నుంచి షిప్పెక్కి రాలేదేటి మామ్మా నువ్వు?"

"అది గవర్నమెంటు షిప్పే. దానికి వలుందా?"

గౌతమి కంచాలు తీసింది.

మగోళ్లకు మాత్రమే అన్న గౌతమి మాటకు జవాబు వెతుక్కుంటూ కన్నబాబు రెండు రోజులు వేటకు వెళ్లొచ్చాడు. తనకు అన్యాయం జరగలేదని అతను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు. కానీ చెల్లెలికీ జరిగిందని, జరిగింది తన డింగీ దగ్గరేనని తేలింది. ఆదివారం పొద్దుగూకాక, "రేపు పెందలాడే లెగు. కడుపులో తిప్పితే సముద్రంలో కక్కు, పడవలో కాదు" అన్నాడు.

సముద్రంలోనే కక్కింది. చిట్టిబాబు లేడు గనక ఆయన పని కూడా ఆమె మీదే పడింది. గాలపు తాడు అరచేతిని కోసేసింది. ఎండ ఎక్కాక కన్నబాబు ఇంజను ఆపాడు.

"కళ్లు మూసుకో. గాలెక్కడ తగుల్తంది?"

"ఎడం సెంప మీద."

"బస్, సాలు. అలాగే కూకో."

డింగీ నీళ్ల మీద ఊగుతోంది. చాలాసేపటికి చెంప మీది తడిగాలి ఆగింది. ఇంకాసేపటికి మెడ వెనక చల్లగా తాకింది.

"మారింది" అంది గౌతమి. అతనూ అదే మాట అనబోతున్నాడు.

అప్పుడే దిగడానికి కిందికొస్తున్న విమానం ముక్కు పైకెత్తి, మరో చుట్టు తిరిగి రావడానికి మబ్బుల్లోకి పోయింది. ఇద్దరూ తలెత్తి చూశారు.

"ఆ పైలట్‌గాడికీ తగిలింది గాలి" అన్నాడు కన్నబాబు.

జెట్టీ మీద మామ్మ కాచుకుని ఉంది. "ఎంత పడింది?"

"ఇరవై మూడు కిలోలు."

"నిన్న?"

"ఇరవై రెండు."

మామ్మ ఐస్ పెట్టెలోకి తొంగి చూసింది. "సేపలు సన్నంగున్నాయి" అంది. మర్నాడు చిట్టిబాబు పసుపునీళ్లు చల్లి గానీ పడవ ఎక్కలేదు.

హైదరాబాదులో ఆ కెప్టెన్ గాలి సంగతి అడగనే లేదు. గౌతమే చెప్పి వచ్చింది. ఆమెకు సీటు వచ్చింది. లవీనాకూ వచ్చింది. వానలు తగ్గాక ఇద్దరూ ఒకే విమానంలో శిక్షణకు వెళ్లారు.

వెళ్లేముందు అన్న అడిగితే గౌతమి ఇంగ్లీషులో ఒక మెయిల్ రాసిచ్చింది. అమ్మాయిలకు ఇస్తున్నవి అలాగే ఇవ్వండి, కలిగినవాళ్లకు మాత్రం వద్దు, చేపలు పట్టే ఇళ్ల అబ్బాయిలకు ఎప్పుడు ఇస్తారో చెప్పండి అని. ఫౌండేషన్ నుంచి జవాబు రాలేదు. కన్నబాబు ప్రతినెలా ఒకటో తారీఖున వేటకు వెళ్లేముందు దాన్నే మళ్లీ పంపుతున్నాడు. ఇప్పటికి నాలుగు పంపాడు.