కర్నూలుకు పది, కడపకు పది

కర్నూల్లో కంప్యూటర్ ఉద్యోగం అని చెబితే "యాడ, నెట్ సెంటర్లోనా?" అని అడిగే కాలం అది. కాదండీ, వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీ అని కొంచెం గొంతు పెంచి చెప్పుకునేదాన్ని. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. బట్టల కొట్టు మీద ఒక గది, మూడు కంప్యూటర్లు (ఒకటి పనిచేయదు), మా సార్, నేను. మా అబ్బా (నాన్నను మేం అలాగే పిలుస్తాం) దర్జీ. కొలతలిచ్చేందుకు వచ్చిన ప్రతి మనిషికీ భుజం మీద టేపు పెట్టి నా ఉద్యోగం సంగతి చెప్పేవాడు. కాబట్టి నా చేతిలో ఏదైనా చెడిపోతే, ఊళ్లో సగం మంది చొక్కా తొడుక్కునేటప్పుడల్లా నన్ను తలచుకుంటారని నాకు గట్టి భయం.

మా సార్‌కు నేను మనసులో పెట్టుకున్న పేరు రీస్టార్ట్ సార్. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు. "ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమ్మా" అనేవాడు. ఆయనకు ఒక బస్సుల వ్యాపారం వాళ్ల పని దొరికింది. ఇద్దరు అన్నదమ్ములు. పెద్ద శెట్టి కర్నూలు ఆఫీసు, చిన్న శెట్టి కడప ఆఫీసు చూసుకునేవాళ్లు. బస్సులకు ఏ రంగు వేయించాలన్న దగ్గర మాటామాటా పెరిగి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. వాళ్లమ్మ మాత్రం తను బతికున్నంతకాలం ఒకటే పేరు, ఒకటే బోర్డు అని పట్టుబట్టింది. అందుకని వెబ్‌సైటు ఒకటి, దాని వెనక టిక్కెట్ల వివరాలు దాచే డేటాబేస్‌లు రెండు. ఒకరిది ఇంకొకరికి కనబడకూడదు. ఆ అవ్వ కోసం మాత్రం రెండూళ్ల మొత్తాలూ, ఏ బస్సు ఎంత నిండిందీ ఒకేచోట చూపే పేజీ ఒకటి పెట్టాం. అవ్వ చదువుకోలేదు, కొడుకులే చదివి చెప్పాలి, కాబట్టి ఆ పేజీ వాళ్లిద్దరికీ తెరుచుకునేది.

పని మొదలైనప్పుడే పెద్ద శెట్టి మెట్లెక్కి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. "ఏం పాపా, కనెక్షన్లు కనెక్షన్లు అంటాండావంట, అవేంటివి?" అన్నాడు. "టిక్కెట్టు కొట్టాలంటే వెబ్‌సైటు డేటాబేస్‌తో మాట్లాడాల సార్. ప్రతిసారీ కొత్తగా కనెక్షన్ తెరిస్తే శానా ఆలస్యం. అందుకే కొన్ని ముందే తెరిచి పెట్టుకుంటాం. ఒక టిక్కెట్టు పనైనాక కనెక్షన్ తిరిగిచ్చేస్తే ఇంకోదానికి పనికొస్తాది. దాన్నే పూల్ అంటారు" అన్నాను. ఆయన అంతా శ్రద్ధగా విని, నేను ఊహించని ప్రశ్న ఒక్కటే అడిగాడు. "కడపకెన్ని ఇచ్చినావు?" పది అన్నాను. "నాకు?" పదే అన్నాను. "కర్నూలు పెద్దూరు గదమ్మా, వానికీ నాకూ ఒకటేనా?" అని నొచ్చుకుంటూ మెట్లు దిగిపోయాడు. సాయంత్రానికి కడప నుంచి ఫోను. "పాపా, మా యన్నకు ఎన్ని ఇచ్చింటే నాకూ అన్నే ఉండాల. ఒక్కటి తగ్గినా ఒప్పుకునేది లేదు." ఇద్దరికీ పదికి పదే ఉంచేసి, ధర్మరాజులాగా తీర్పు చెప్పానని లోలోపల మురిసిపోయాను.

దసరా సెలవులకు బుకింగ్ తెరిచిన రోజు పొద్దున్న ఆ మురిపెం తీరింది. కడప నుంచి ఫోను. "ఏంది పాపా ఇది? తెర తెల్లగయ్యి గిర్రున తిరుగుతాండాది. ఈడ జనం రోడ్డు దాకా నిలబడుకోనుండారు. మా యన్న చెప్పినాడా నాది ఆపేయమని?" లేదు సార్, ఒట్టు సార్ అంటుండగానే మా సార్ రీస్టార్ట్ చేశాడు. నడిచింది. ఆయన కాలర్ సర్దుకుని టీ తెప్పించాడు. టీ చల్లారకముందే మళ్లీ ఆగింది. కర్నూలు కూడా ఆగిందని అప్పుడు తెలిసింది. పెద్ద శెట్టి ఆఫీసు పక్క వీధే కాబట్టి ఫోను చేయకుండా మనిషే వచ్చాడు. చెమటలు కక్కుతూ కుర్చీలో కూలబడి, "జనం పక్క బస్సోళ్ల దగ్గరికి పోతాండారు పాపా" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన నెమ్మదిగా అన్నాడు.

దుపట్టా కొసను వేలికి చుట్టగా చుట్టగా నా వేలు నీలంగా మారింది. మా సార్ అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంటున్నాడు, నేను నోట్లోనే దువా చదువుకుంటున్నాను. ఒకే సర్వర్ కోసం రెండు వైపుల నుంచీ విన్నపాలు వెళ్తుంటే పైన ఎవరు ముందు అందుకుంటారో అని ఆ కంగారులోనూ ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. అంతలో మా సార్ "అమ్మాయ్, ఇది పోతే మనకు ఈ జిల్లాలో ఇంకో పని పుట్టదు" అన్నాడు. ఆ దెబ్బకు దువాలో సగం మరిచిపోయాను.

చివరికి పూల్‌లో నుంచి కనెక్షన్లు ఏ పేజీ తీసుకుని వెనక్కి ఇవ్వడం లేదో చూశాను. టిక్కెట్ల పేజీలు కావు. ఎక్కడ చూసినా అవ్వ కోసం పెట్టిన ఆ మొత్తాల పేజీయే. కారణం కూడా అక్కడే దొరికింది. కడపలో దసరా స్పెషల్ బస్సు ఒకటి కొత్తగా చేర్చారు, దానికి సీట్లెన్నో ఇంకా రాయలేదు, సున్నాయే ఉంది. బస్సు ఎంత శాతం నిండిందో లెక్కగట్టబోయి, సున్నాతో భాగించాల్సి వచ్చి, ఆ పేజీ మధ్యలోనే పడిపోతోంది. రెండు ఊళ్ల కనెక్షన్లనూ తిరిగిచ్చే కోడ్ వరుస నేను ఆ లెక్క కింద రాశాను, పేజీ అక్కడిదాకా రావడమే లేదు. అంటే ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ కర్నూలు పదిలో ఒకటి, కడప పదిలో ఒకటి పోతాయి. తప్పు దొరికిందన్న సంతోషంలో, ఆ పేజీని ఎవరు తెరుస్తున్నారో చూసి గతుక్కుమన్నాను. ఒక పేరు కడపలో ఉంది. రెండో పేరు నా పక్క కుర్చీలో ఉంది.

"దొరికింది సార్" అన్నాను. "ఆ మొత్తాల పేజీ ఎవరూ తెరవకుండా ఉంటే చాలు, ఇప్పుడే సరిచేస్తా." పెద్ద శెట్టి కళ్లెర్రజేశాడు. "ఎవరు తెరుస్తాండేది? పొద్దుటి నుంచి నా ప్రాణం తీస్తాండేది ఎవరు?" కడప ఫోను ఇంకా స్పీకర్లోనే ఉంది, చిన్న శెట్టి కూడా అందుకున్నాడు. "చెప్పు పాపా, భయపడాకు. ఎవరైతే ఏం?" మా సార్ నా వైపు చూశాడు. నేను కీబోర్డు వైపు చూశాను. "మీరిద్దరే సార్" అన్నాను.

పెద్ద శెట్టి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, తుడిచిందే మళ్లీ తుడుచుకున్నాడు. "నా తమ్మునికి ఒంటరిగా ఇది మొదటి దసరా పాపా. బస్సులు నిండుతాండాయో లేదో అని సూస్తాంటి. అది రాకపోతే మళ్లా నొక్కినా" అని నాతోనే చెప్పాడు, ఫోనుతో కాదు. ఫోనులోంచి చిన్న శెట్టి గొంతు వచ్చింది. "నేను అందుకు సూడలేదన్నా. నీకన్నా ఒక్క సీటన్నా ఎక్కువ అమ్మినానా లేదా అని సూస్తాంటి." మా సార్ కళ్లు మూసుకున్నాడు. పెద్ద శెట్టి మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు. "అమ్ముదువులేరా. ముందు ఆ స్పెషల్ బస్సుకు సీట్లెన్నో రాసి సావు!" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత తమ్ముడితో ఆయన మాట్లాడిన మొదటి మాట అదేనని తర్వాత తెలిసింది.

పేజీ ఎక్కడ పడిపోయినా కనెక్షన్ తిరిగి వచ్చేలా ఆ వరుసను చోటు మార్చి రాశాను. ఆఖరి రీస్టార్ట్ గౌరవం మా సార్‌కే ఇచ్చాం. మధ్యాహ్నానికి రెండూళ్లలోనూ టిక్కెట్లు జోరుగా కదిలాయి. అన్నదమ్ములు ఆ రోజుతో కలిసిపోయారని చెబితే అబద్ధం. ఆ తర్వాత కూడా రంగు దగ్గర ఒప్పుకోలేదు. కానీ కడప బస్సులు మాత్రమే కనబడే చిన్న పేజీ ఒకటి కావాలని పెద్ద శెట్టి గుట్టుగా అడిగి చేయించుకున్నాడు. సాయంత్రం ఇంటికి పోతే అబ్బా, "పని ఎట్లుండె బేటీ?" అన్నాడు. "మామూలే" అని చెప్పి, గోడ వైపు తిరిగి కాసేపు ఏడ్చాను, తర్వాత నవ్వుకున్నాను.

ఇప్పుడు నేను చూసుకునే వెబ్‌సైట్ల వెనక లెక్కలేనన్ని డేటాబేస్‌లు, వాటికన్నిటికీ పూల్‌లు. ఏదో ఒకటి తరచూ ఆగుతూనే ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు మొహాలు వేలాడేసుకుని వస్తే, ఏం కాదు, కూర్చో, చూద్దాం అంటాను. నా గొంతు అంత నింపాదిగా ఉండటం నాకే వింతగా ఉంటుంది. అప్పుడు ఆ కర్నూలు గదిలో వేలు నీలంగా మారేలా దుపట్టా చుట్టుకున్న పిల్ల గుర్తొస్తుంది. బస్సు టిక్కెట్లు ఆగిపోతే భూమి తిరగడం ఆగిపోయిందనుకుంది, పిచ్చిది. ఆమెను తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు చివర కొంచెం ఈర్ష్య కూడా కలుగుతుంది. చేసే పని మీద ప్రాణం అంతగా పెట్టుకోవడం నాకు మళ్లీ చేతకాలేదు.