ఆగ్నేయ మూల నుంచి గేటు దాకా

మా ఇంట్లో కరెంటు కారు ఛార్జరు ఆగ్నేయ మూలలో ఉంది. అక్కడే ఉండాలని మా ఆవిడ పట్టుబట్టింది. ఆమె బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో కరెంటు ప్యానెళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో, సరుకు తనిఖీ చేసే విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసింది. ఏ వైరు ఎంత కరెంటు మోస్తుందో, ఏ స్క్రూ వదులైతే ఏది కాలుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. అలాంటి మనిషి సొంత ఇంటి దగ్గరికొచ్చేసరికి వాస్తు పట్టుకుని కూర్చుంది. కరెంటంటే నిప్పు, నిప్పుకు ఆగ్నేయమే తావు అంది.

"ఇంత తెలిసినదానివి, ఇదేం పిచ్చి?" అన్నాను.

"తెలివి తెలివే, మూల మూలే. మీ కొట్లో గల్లాపెట్టె ఉత్తరం మొగానికి ఎందుకు పెట్టినారు? సెప్పండి సూస్తాము" అంది.

నాది పేటలో బట్టల కొట్టు. మా తాతల నాటి నుంచి గల్లాపెట్టె ఉత్తరానికే ఉంది. మర్నాడే ఆగ్నేయ మూలలో గోడకు ఛార్జరు బిగించారు.

మాది ఉత్తరం వాకిలి ఇల్లు. తూర్పు పక్కన కారు పట్టేంత సందు ఉంది. రివర్సులో ఆ సందు చివరిదాకా పోతే, కారుతో వచ్చిన పొట్టి కేబులు ఛార్జరుకు సరిగ్గా అందేది. వెనక్కి చూసుకుంటూ బండి నడపడం నాకు ఇప్పటికీ సరిగా రాదు. ఆమె సందు చివర నిలబడి, "రాండి, రాండి, ఇంకొంచెం, సాకు, సాకు!" అని చెయ్యి ఊపేది. ఆ "సాకు" కన్నడం. వద్దు, చాలు, ఆపు లాంటివన్నీ ఆమెకు కన్నడంలోనే వచ్చేవి. ప్రేమగా మాట్లాడితే మాత్రం తెలుగు.

తర్వాత ఆమె కిడ్నీలు పాడయ్యాయి. ఉద్యోగం మానేసింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతిలో రెండు రక్తనాళాలను ఆపరేషన్ చేసి కలిపారు. ఆ చోట వేళ్ళు పెడితే లోపల ఝుమ్మని తెలుస్తుంది. ఆ ఝుమ్ము ఉన్నంతవరకు రక్తం పారుతున్నట్టు. రోజూ పొద్దున్నే చూసుకోవాలని నర్సు చెప్పింది. ఆ పని మా ఆవిడ నాకు అప్పజెప్పింది.

ఆమెకు ఒక్కటే పంతం, ఆంబులెన్సు ఎక్కకూడదు. "ఆ బండి ఇంటి ముందర నిలబడితే వీధిలో అందరి తలకాయలూ బయటికొస్తాయి. మన కార్లో పోదాము, మన కార్లోనే వద్దాము" అనేది. నేను సరేనన్నాను. నాకు అది చిన్న కోరికే అనిపించింది.

ఆ తర్వాత కాళ్ళు కూడా పట్టు తప్పాయి. చక్రాల కుర్చీ వచ్చింది. కుర్చీ మెట్లు దిగదు కాబట్టి ఇనుప ర్యాంపు చేయించాం. వాలు నిదానంగా ఉండాలంటే ర్యాంపు పొడుగ్గా ఉండాలి. అది వాకిలి నుంచి తూర్పుకు తిరిగి, సందు మొదలును పూర్తిగా ఆక్రమించింది. కారు లోపలికి పోయే దారి లేదు. ఛార్జరు సందు చివర, కారు ఈశాన్యంలో గేటు దగ్గర. మొదట్లో బయట ఛార్జింగు స్టేషన్లకు వెళ్ళాం. డయాలసిస్ అయ్యాక ఆమెకు తల నిలబడేది కాదు. వరుసలో మా వంతు వచ్చేదాకా సీట్లో అలాగే వాలిపోయి ఉండేది. అది చూడలేకపోయాను.

ఆమె తమ్ముడు, అంటే మా బావమరిది, ఒకరోజు మిక్సీకి వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకొచ్చాడు. "దీనికి తగిలిస్తే అయిపాయె బావా, రెండు నిమిషాల పని" అన్నాడు.

కుర్చీలో కూర్చున్న మా ఆవిడ గొంతు వీధి దాకా వినిపించింది. "తీయ్‌రా దాన్ని! అది మిక్సీకి. మిక్సీ రెండు నిమిషాలు తిరిగి ఆగుతాది. కారు రాత్రంతా లాగుతాది. ఆ సన్న వైరు కాగి కాగి కరిగిపోతాది. అందులో సుట్టగా సుట్టి పెట్టినావు, వేడి యాడికి పోవాల?"

వాడు కాస్త చిన్నబుచ్చుకుని, "పోనీ పెట్టెనే గేటు దగ్గరికి మార్చేస్తే పోలా అక్కా?" అన్నాడు.

"ఈశాన్యంలో నిప్పు పెడతావా? నన్ను ఇంకా తొందరగా పంపించేకా?" అంది. తను నవ్వింది. మేమిద్దరం నవ్వలేదు.

చివరికి ఆమె చెప్పినట్టే చేశాం. ఛార్జరు పెట్టె కదలదు. దానికి సరిపోయే లావున్న పొడుగు కేబులు, నడుమ అతుకు లేకుండా ఒకటే ముక్క, ఆ పెట్టె అమ్మినవాళ్ళ దగ్గరే తెప్పించాలి. అతుకున్న చోటే కాలుతుందని ఆమె లెక్క. కేబులు నేల మీద పడి ఉండకూడదు, కుర్చీ చక్రం ఎక్కుతుంది, వాన నీళ్ళు చేరతాయి. గోడకు కొక్కేలు కొట్టి, సజ్జ కింద వేలాడదీయాలి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగు సరిచూశాడు. షాకు తగిలేలోగా కరెంటు ఆపేసే స్విచ్చు ఉంటుంది కదా, దాని పరీక్ష బటను ఆమె కళ్ళ ముందే నొక్కాడు. అది టక్కుమని పడింది. "ఆ, ఇప్పుడు సరిపాయె" అంది, బిడ్డకు మార్కులు వేసినట్టు.

కొలత మాత్రం నేనే తీశాను. కొట్లోంచి మీటరు కడ్డీ తెచ్చి, సందు పొడవునా నేల మీద కొలిచి లెక్క చెప్పాను.

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "బట్ట కొలిసినట్టు కొలిస్తే ఎట్లండీ? వైరు గోడ ఎక్కాల, మూల తిరగాల, మళ్ళా కారు కాడ దిగాల. మీరు రవికె గుడ్డ సింపేటప్పుడు కుట్టుకు వదలరా?"

వదులుతాను. నలభై ఏళ్ళ వ్యాపారంలో ఒక్క ఆడమనిషికి రవికె గుడ్డ తక్కువ ఇచ్చినవాణ్ణి కాదు. మళ్ళీ కొలిచాను.

పొడుగు కేబులు వచ్చాక పాతదాన్ని పాత సామాన్లవాడికి వేసేద్దామన్నాను. వద్దంది. తన పాత చీర అంచు ముక్క చించి, దానితో పొట్టి కేబులును నీటుగా కట్టించి, బీరువా కింది అరలో పెట్టించింది. "నాకు కాళ్ళొచ్చి నడిసినంక ర్యాంపు తీసేస్తాం కదా. అప్పుడు కారు మళ్ళా సందులోకే పోతాది. ఇది కావాల" అంది. డాక్టరు ఆమెకు ఏం చెప్పాడో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా బీరువా తలుపు వేసి తాళం తిప్పాను.

అప్పటి నుంచి పొద్దున లేస్తే నాకు రెండు పనులు. ముందు కారు దగ్గరికి పోయి ప్లగ్గు మీద చేతి వెనుక భాగం ఆనించి, వేడెక్కిందేమో చూడాలి. తర్వాత లోపలికి వచ్చి ఆమె చేతి మీద వేళ్ళు పెట్టి ఝుమ్ము చూడాలి. "దానికొక సూది, నాకొక సూది. ఇద్దరినీ గోడకు తగిలించి పెట్టినారు" అనేది. నేను కసురుకునేవాణ్ణి. అలా కసురుకున్న పొద్దుల్లో కూడా సుఖంగానే ఉన్నానని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక పొద్దున ప్లగ్గు చల్లగా ఉంది. కారు నిండుగా ఛార్జింగు చూపిస్తోంది. లోపలికి వచ్చి చెయ్యి పట్టుకున్నాను. ఏమీ తెలియలేదు. వేళ్ళు కొంచెం జరిపాను. మళ్ళీ జరిపాను. ఆమె నా మొహం చూస్తోంది.

"లేదా?" అంది.

"ఉంది. నా వేళ్ళే మొద్దుబారినాయి" అన్నాను.

ఆమె కుడి చేతి వేళ్ళు తనే పెట్టి చూసుకుంది. కాసేపటికి తీసేసి, "కారు తీయండి" అంది.

కుర్చీ ర్యాంపు మీద మెల్లగా దిగింది. ముందు సీట్లో కూర్చుని ఎప్పటిలాగే బెల్టు తనే పెట్టుకుంది. రక్తం గడ్డకట్టి చేతిలోని దారి మూసుకుపోయిందన్నారు ఆసుపత్రిలో. డయాలసిస్ కోసం మెడ దగ్గర గొట్టం పెట్టారు. తర్వాత జ్వరం వచ్చింది. ఆ జ్వరం ఎవరి మాటా వినలేదు. మాటలున్నన్ని రోజులూ ఆమె అడిగింది ఒక్కటే, కారులో ఛార్జింగు ఉందా అని. ఉందన్నాను. నిజంగానే ఉంది, ఆసుపత్రి కింద అంతస్తులో కారు ఆమె కోసం సిద్ధంగా నిలబడి ఉంది.

ఆమె ఆసుపత్రి బండిలోనే ఇంటికొచ్చింది. ఆమె భయపడినట్టే వీధిలో అందరి తలకాయలూ బయటికొచ్చాయి. నాకు వాళ్ళందరి మీదా కోపం వచ్చింది, పాపం వాళ్ళు ఏడుస్తూనే వచ్చారు. ఆమెను మోసినవాళ్ళు మెట్ల వైపు పోలేదు. ర్యాంపు ఉంది కదా అని దాని మీదుగా తీసుకొచ్చారు. ఎక్కడా కుదుపు లేదు.

కర్మలన్నీ అయిపోయాక కూడా ర్యాంపు అలాగే ఉంచాను. బావమరిది తీసేద్దామంటే వాణ్ణి తిట్టాను. కానీ ఆమెతో కలిసి పనిచేసినావిడ జిగణి నుంచి ఫోను చేసింది. వాళ్ళాయనకు పక్షవాతం వచ్చిందట, ర్యాంపు ఇస్తారా అని అడిగింది. మా ఆవిడ ఉంటే అడగక ముందే పంపించేది. ఇచ్చేశాను.

ర్యాంపు పోయిన సాయంత్రం కారు సందులోకి తిప్పాను. "సాకు" అనే మనిషి లేదు, గోడకు రాసుకుంది. దిగి, బీరువా కింది అరలోంచి పొట్టి కేబులు తీశాను. చీర అంచు ముడి గట్టిగా ఉంది, విప్పడానికి చాలాసేపు పట్టింది. ఒక కొస పెట్టెకు, ఒక కొస కారుకు తగిలించి, అలవాటు కొద్దీ చేతి వెనుక భాగం ఆనించి చూశాను. ఆమె చెప్పినట్టే ర్యాంపు తీసేశాం. ఆమె చెప్పినట్టే కారు సందులోకి వచ్చింది, పొట్టి కేబులు అందింది. ఆమె నడవడం ఒక్కటే జరగలేదు.