తేదీ లేని ఆర్డర్

నెలవంక కనిపించిందని మసీదు మైకులో చెప్పిన మరుక్షణం ఛత్రినాకలోని మా పాల దుకాణంలో లొల్లి మొదలవుతుంది. యాకుత్‌పురా నుంచి బార్కస్ దాకా మా పాలు పోసే ఇళ్లన్నీ ఒకేసారి ఫోన్ చేస్తాయి. తెల్లారితే ఈద్. షీర్ ఖుర్మాకు, అంటే ఈద్ సేమ్యా పాయసానికి, చిక్కటి బర్రె పాలు కావాలి. బాపు చెవి దగ్గరొకటి, భుజం మీదొకటి ఫోన్లు పెట్టుకుని అరుస్తుంటాడు. పోయిన ఏడాది సగం ఫోన్లు అందలేదు. ఎప్పటినుంచో మా పాలే వాడే ఇళ్లు కొన్ని పండగ పూట ప్యాకెట్లు కొనుక్కున్నాయి. ఆ సంగతి తెలిసి బాపు కుంగిపోయాడు. ఈ రంజాన్ మొదట్లోనే తేల్చేశాడు.

"ఈసారి ఈద్ ఆర్డర్లు బంద్. నాతోని గాదు బిడ్డా."

అన్నాడే గానీ ఆ పూట అన్నం సగంలోనే లేచాడు. నాకు ఒళ్లు మండింది. పొద్దంతా ఆఫీసులో ఎవరెవరి దుకాణాలకో వెబ్‌సైట్లు కట్టే దాన్ని, మా దుకాణానికి ఒకటి కట్టలేనా?

"ఒక్క ఈద్ నాకియ్యి బాపు. ఆర్డర్లన్నీ ముందే యాప్‌ల పెట్టిస్త."

"గడబడైతే మళ్ల ఈద్ ఆర్డర్ల మాట ఎత్తద్దు మరి."

ఆఫీసులో ఒక బటన్ జరపాలంటే నలుగురిని బతిమాలాలి. ఇక్కడ ఆ బాధ లేదు. యాప్ కట్టడానికి సిద్ధంగా దొరికే చిన్న ఫ్రేమ్‌వర్క్ ఒకటి తీసుకున్నాను. సర్వరు పనీ, స్క్రీను పనీ ఒకే ఫోల్డర్‌లో. ఆర్డరంటే పేరు, గల్లీ, లీటర్లు, తేదీ అని ఒక్కచోట రాస్తే రెండు వైపులా ఆ మాటకే కట్టుబడతాయి. లీటర్ల దగ్గర అంకె కాక ఇంకేం పెట్టబోయినా, కోడ్ రాస్తుండగానే ఎర్రగీత పడుతుంది. ఇలాంటి పనంటే నాకు పిచ్చి. పెరుగు గిన్నెల పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని, మొదటి ఆర్డర్ స్క్రీన్ మీద పడగానే గల్లీ అదిరేలా కేక పెట్టాను. పాలు తాగుతున్న పిల్లి పారిపోయింది.

యాప్ లింకు ఇళ్లన్నిటికీ పంపిన మరునాడే యాకుత్‌పురా నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది.

"బేటీ, నీ యాప్ ఈద్ తారీఖు ముందే చూపించి, ఖాయమేనా అని అడుగుతున్నది. చాంద్ దిఖేతోచ్ ఈద్ నా? నెలవంక కనబడితెనే గదా పండగ! ఇప్పుడే ఎట్ల చెప్పాలె?"

తల కొట్టుకున్నాను. పాతబస్తీలో పుట్టి పెరిగిన దాన్ని, ఆఫీసు సెలవుల పట్టిక చూసి ఈద్‌కు తేదీ పెట్టేశాను! ఈద్ తేదీ కనిపించాల్సింది ఆకాశంలో కదా.

వెంటనే తేదీ అన్న చోట కొత్త మాట రాశాను: మామూలు తేదీ అయినా కావచ్చు, లేదా 'చాంద్ కనిపించిన మర్నాడు' అయినా కావచ్చు. సేవ్ చేయగానే ఆర్డర్ల పేజీలో, పాల వ్యాన్ల పేజీలో, మెసేజ్‌లు పంపే చోట, అంతటా ఎర్రగీతలే. పక్కనుంచి చూసిన బాపు కంగారు పడ్డాడు.

"ఏందే, గింత ఎర్రగైంది? ఖరాబైందా?"

"కాదు బాపు! చాంద్ సంగతి ఏడేడ మర్చిపోయిననో గదే చూపిస్తున్నది!"

చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా. ఒక్కో గీత దగ్గరికి వెళ్లి, నెలవంక కోసం ఆగడం ఎలాగో దానికి చెప్పుకుంటూ వచ్చాను. ఆఖరి గీత పోయాక బాపు కోసం ఒక పెద్ద ఆకుపచ్చ బటన్ పెట్టాను. దాన్ని నొక్కితే ఆగి ఉన్న ఆర్డర్లన్నీ రేపటివైపోతాయి. ఇళ్లకు, పాలు తెచ్చే వ్యాన్ల వాళ్లకు మెసేజ్‌లు వెళ్తాయి.

క్యాలెండర్ చెప్పిన దానికంటే ఒకరోజు ముందే చాంద్ కనిపించింది. మైకులో ఆ మాట వినబడగానే లాప్‌టాప్ బాపు ముందుకు తిప్పాను. నేను పెట్టిన తేదీయే ఉండి ఉంటే మా పాలు ఈద్ అయిపోయాక వచ్చేవి. బాపు వేలు ధోతికి తుడుచుకుని బటన్ నొక్కాడు. స్క్రీన్ నిండా 'రేపు, రేపు' అని పడుతుంటే నేను ఎగిరి గంతేశాను. వ్యాన్ల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు 'సరే' అని జవాబిచ్చారు.

ఫోన్ మోగలేదు. బాపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి మోగింది. ఉలిక్కిపడి అందుకుని, "ఎన్ని లీటర్లు?" అన్నాడు.

"లీటర్లు గాదు భాయ్, మెసేజ్ వచ్చింది. చాంద్ ముబారక్ చెప్దామని చేసిన."

బాపు మెల్లగా, "మీకు గూడ ముబారక్ భాయ్" అని ఫోన్ పెట్టేసి నావైపు తిరిగాడు.

"ఇన్నేండ్లల్ల గీ పొద్దు ఎవ్వరికీ ముబారక్ చెప్పలే బిడ్డా. తీరికేది?"

అని, ఈసారి తనే యాకుత్‌పురా ఇళ్లకు ఒక్కొక్కటిగా ఫోన్ కలపడం మొదలుపెట్టాడు.