అరపేజీ ముని

స్థలపురాణం అనే మాట వింటేనే నాకిప్పుడు రోత. ఊళ్ళ చరిత్రలు రాసేవాళ్ళని చూసినా రోతే. వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి అద్దంలో చూసుకున్నా అంతే.

బందరులో తెల్లవాళ్ళ పాత సమాధులున్నాయి. ఫలానావాడు, ఫలానా ఊరివాడు, ఫలానా రోజున జ్వరంతో పోయాడు. రాతి మీద అంతకుమించి ఉండదు. వాళ్ళ దేశంలో ఎంత చిన్న ఊరికైనా చర్చి ఒకటుంటుందట. అక్కడ పుట్టినవాళ్ళ పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ పుస్తకాల్లో రాసిపెడతారట, ఊరి చరిత్ర వాటిని చూసే రాస్తారట. మనకంత ఓపికేదీ? ఏ ఊళ్ళో అడిగినా ఒక మహర్షి వచ్చి తపస్సు చేసి వెళ్ళే ఉంటాడు.

దివిసీమలో సముద్రం ఒడ్డున ఒక ఊరి బళ్ళో నేను సోషల్ మాస్టారుగా చేశాను. ఊరి పేరు చెప్పను, చెప్పే మొహం లేదు. ఊరి చివర, వేటకెళ్ళే పల్లెకారుల వీధిని ఆనుకుని, ఒక ఎత్తయిన ఇసుకదిబ్బ ఉంది. దాన్ని వాళ్ళు మునగందిబ్బ అంటారు. ఉప్పెనకి ఊరంతా మునిగినా అది మునగలేదు, ఎక్కినవాళ్ళు బతికారు. అందుకని మునగని దిబ్బ. అక్కడ నీరు నిలవదు, గాలి బాగా తగులుతుంది. ఆ వీధి ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునేది అక్కడే.

బడికి స్వర్ణోత్సవం వచ్చింది. సావనీరు గుడివాడలో అచ్చు వేయించాం. ప్రూఫులు దిద్దడానికి వెళ్తే ప్రెస్సాయన, ఒక ప్రకటన రాలేదు, అరపేజీ ఖాళీ పడింది, ఏదైనా రాసివ్వండి మాస్టారూ అన్నాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు రాసిచ్చాను. పూర్వం ఒక ముని ఆ దిబ్బ మీద కూర్చుని సముద్రుణ్ణి కళ్ళారా కన్నాడనీ, ముని కన్న దిబ్బే జనం నోట్లో పడి మునగందిబ్బ అయిందనీ. అసలు సంగతి తెలిసే రాశాను. చేపలు ఎండే దిబ్బ సావనీరులో బాగోదనిపించింది. మాది తాతల నాటి నుంచీ బడిపంతుళ్ళ ఇల్లు. ఆ వాసనని మేం నీచు అంటాం. నీచు తగలకుండా ఊరికో చరిత్ర రాసిపెట్టానని మురిసిపోయాను కూడా. ఛీ!

రిటైరయ్యాక బందరులో ఉంటున్నాను. మొన్న వేసవిలో ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా దగ్గర ఏడో తరగతి దాకా చదివిన పిల్లే, ఇప్పుడు మనవరాలున్న మనిషి. ఊరి పెద్దలు కమిటీ వేసి దిబ్బ మీద ముని విగ్రహం పెడుతున్నారట, చుట్టూ గోడ కట్టేశారట. పవిత్రమైన చోట నీచు పనికిరాదు, ఇక చేపలు ఆరబెట్టొద్దన్నారట. ఊళ్ళో వేరే మెరక లేదు. కిందంతా చెమ్మే, చేప ఎండేలోపే పురుగు పట్టేస్తుంది. ఇదేం న్యాయమని అడిగితే పుస్తకంలో ఉందన్నారట. సంచిలోంచి జిరాక్సు కాగితం తీసి నా ముందు పెట్టింది. నా అరపేజీ. కింద నా పేరు.

"ఇది మీరు రాసిందేనా మాస్టారూ?"

నేనే రాశానన్నాను.

"మా నాయనమ్మ ఆ దిబ్బెక్కే బతికిందండి. మునెవరో మాకు తెలీదు. ఇది ఒట్టిదేనని ఒక్క ముక్క చెప్పండి. మీరు చెబితే ఇంటారు."

చెబుతానన్నాను. కమిటీ పెద్దకి ఫోన్ చేసి, ముని గురించి ఒక మాట చెప్పాలన్నాను. ఆయన తెగ సంబరపడిపోయాడు. అదేదో ప్రతిష్ఠ రోజున సభలోనే చెబుదురుగాని, కారు పంపిస్తానన్నాడు.

ఆ రోజు మోపిదేవి దాటిన దగ్గర్నుంచీ దారంతా ఫ్లెక్సీలే. వాటిలో మునికి పొట్ట దాకా గడ్డం. గడ్డం నేను రాయలేదు. దిబ్బ మీద వాసన పోవాలని బ్లీచింగు కొట్టి, దాని మీద పన్నీరు చిలకరించారు. ఆ రెండూ కలిసిన కంపుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాను. ఇన్నేళ్ళు నేను ముక్కు మూసుకున్న వాసన ఇంతకంటే వెయ్యి రెట్లు నయం. గేటు బయట పల్లెకారుల ఆడవాళ్ళు చేపల తట్టలతో నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఆవిడ.

మైకు ఇవ్వగానే చెప్పేశాను. "ముని లేడు. అరపేజీ ఖాళీగా ఉంటే నేనే పుట్టించాను. ఇది మునగని దిబ్బ, ఆ గేటు బయట ఉన్నవాళ్ళది."

కమిటీ పెద్ద నవ్వుతూ నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"పెద్దవాళ్ళ వినయం ఇలాగే ఉంటుందండి. ఆ ముని తనే వచ్చి మాస్టారి చేత రాయించుకున్నాడు. పాపం, ఆయనకే తెలీదు."

చప్పట్లు మోగిపోయాయి. ఇద్దరు వచ్చి నా భుజాల మీద జరీ అంచు శాలువా కప్పారు. దాన్ని అక్కడే విసిరికొట్టి ఉండాల్సింది. నా చేతులేమో వాటంతటవే లేచి సభకి నమస్కారం పెట్టాయి. ఎన్ని సభలు చూసిన చేతులో! వాటిని తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

గేటు దగ్గర ఆవిడ కోపంగా ఉంటుందనుకున్నాను. లేదు. నా మొహం వంక చూడలేదు, శాలువా వంక చూసింది.

"అది ఇచ్చేయండి మాస్టారూ. కింద పరుచుకుంటాను."

తీసిచ్చాను. గోడ పక్కన పల్లంలో దాన్ని పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, తట్టలో చేపలు దాని మీద సర్దింది. కారు హారన్ కొడుతున్నా నేను కదల్లేదు. నేను చూస్తుండగానే కింది చెమ్మ శాలువా పైకి వచ్చేసింది.