గ్లాసు అడుగున ఎర్ర చుక్క: పుత్తూరు మీదుగా తిరుపతికి

చిత్తూరు నుంచి తిరుపతికి చంద్రగిరి మీదుగా పోయే బస్సెక్కితే రెండు గంటల్లో దిగబెడుతుంది. మేము మాత్రం కార్వేటినగరం, పుత్తూరు, వడమాలపేట చుట్టుకొని అయిదు గంటలు పోయాం. చుట్టుదారి పట్టినందుకు బస్టాండులో నన్ను తిట్టిన మా ఆవిడ కమల, ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ దారినే పొమ్మని చెబుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు ప్రయాణం ఒక మాట మీద కోపంతో మొదలైంది. తిరుపతిలో కమల అక్క కూతురికి తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. కబురు తెలిసి మా ఇంటికొచ్చిన బంధువులు వరసగా "పోనీలే" అన్నారు. ఏది పోనివ్వాలి? ఎవరేం పోగొట్టుకున్నారని? మగబిడ్డ పుడితే వీధంతా చక్కెర పంచేవాళ్ళు ఆడబిడ్డకు ఓదార్పు పంచుతున్నారు. "రేపు పొద్దున్నే పోదాం. మైసూరుపాకు తీసుకొని మరీ పోదాం" అన్నాను. కమల వెంటనే మరచెంబు తోమడం మొదలుపెట్టింది. కాచి చల్లార్చిన నీళ్ళు మరచెంబు నిండా లేనిదే ఆమె గడప దాటదు.

అది మంచిదే అయింది, ఎందుకంటే ఈ ఎండాకాలం జిల్లా అంతా వాంతులు, భేదులు. ఆరు గంటలకు మేము బస్టాండు చేరేసరికి కలరా సూది వేసేవాళ్ళు బల్ల వేసుకొని కూర్చున్నారు. వేయించుకుంటేనే బస్సెక్కాలట. జనం సూదిని చూసి పారిపోయే తీరు చూడాలి! ఒకాయన నిన్ననే వేయించుకున్నానన్నాడు. ఏ చేతికి అని అడిగితే కుడిచేయి చూపించి, మళ్ళీ ఎడమచేయి చూపించాడు. ఇంకొకాయన డ్రైవరు తలుపులోంచి దూరబోయి పంచె ఇరుక్కొని అక్కడే వేలాడాడు. ఆ గోడ మీదే మశూచి రోగిని చూపిస్తే బహుమతి ఇస్తామన్న పాత రాత ఇంకా చెరగలేదు. మశూచి పోయింది చూశారా, సూదితోనే పోయిందయ్యా అని నేను గొంతు చించుకున్నాను. వినేవాడు లేడు. కమల ముందుకు పోయి చేయి చాపి వేయించుకొని, "చీమ కుట్టినట్టు కూడా లేదు" అంది. ఆ మాటకు నలుగురు ఆడవాళ్ళు లేచి వరసలో నిలబడ్డారు. నా ఉపన్యాసానికి ఒక్కరూ లేవలేదని ఇక్కడ రాసుకోవాలి.

చంద్రగిరి బస్సు మెట్ల మీద కూడా మనుషులు వేలాడుతున్నారు. అట్లా వేలాడే హక్కు కోసం తోసుకోవడం నాకు చేతకాదు. పుత్తూరు బస్సు పక్కనే ఖాళీగా ఉంది, చార్జీ ఒకటి రెండు రూపాయలు ఎక్కువ. దాని డ్రైవరు ముందు చక్రం కింద నిమ్మకాయ పెడుతున్నాడు. ఆ చక్రానికి గీతలనేవే లేవు, బోడిగుండులాగా నిగనిగలాడుతోంది.

"నిమ్మకాయ సరే, టైరు సంగతి చూసుకున్నావా?" అన్నాను.

"ఏం బయం లేదు సారూ. దారిలోనే పుత్తూరు ఉండాది గదా, ఎముకిరిగితే ఆడనే కట్టు కట్టిచ్చుకోవచ్చు" అన్నాడు డ్రైవరు.

బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏం చేయను? కోపం వచ్చినంత తొందరగా నాకు నవ్వు కూడా వస్తుంది, అదే నా బలహీనత.

కార్వేటినగరం దాకా దారి రెండు పక్కలా మామిడితోటలే. కొమ్మలు కిటికీలోకి వచ్చి చేతికందుతుంటాయి. పుల్లమామిడి ముక్కలకు ఉప్పుకారం అద్దుకొని అందరూ తింటున్నారు, "పొగ త్రాగరాదు" అన్న బోర్డు కింద కూర్చుని కండక్టరు బీడీ తాగుతున్నాడు. ఆయనతో నేను ఒకసారి, కమల ఒకసారి మాట్లాడాక బీడీ బయటికి పోయింది. వెనక సీటు అవ్వ కమల దగ్గర మంచినీళ్ళు అడిగింది. మరచెంబు తీసుకొని, తల వెనక్కి వంచి, జానెడు ఎత్తునుంచి ధారగా గొంతులో పోసుకుంది. పెదవి తగల్లేదు, చుక్క కింద పడలేదు. మన జిల్లాలో పిల్లలకు నడక కన్నా ముందు ఈ విద్య వస్తుంది. దీంతో నాకు పాత తగాదా ఒకటుంది. ఆరోగ్యానికి ఇంతకన్నా మంచి అలవాటు లేదు, కాదనను. కానీ దాని వెనక ఉన్న ఎంగిలి భయంలో సగమైనా రోగానికి సంబంధించింది అయ్యుంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి. ఆ భయం అసలు దేనికి సంబంధించిందో పుత్తూరు దాటాక కనబడింది.

పుత్తూరు దాటి కొంత దూరం పోయాక రోడ్డుకు తారు వేస్తున్నారు. రోలరు అడ్డంగా ఉంది. "అర్ధగంట పడతాది, దిగండి" అన్నాడు కండక్టరు. దిగేసరికి ఎండ, తారు వాసన. కూలీల్లో ఆడవాళ్ళే ఎక్కువ. సలసల కాగే తారు పక్కన, కాళ్ళకు గోనెపట్టా చుట్టుకొని కంకర మోస్తున్నారు. కంట్రాక్టరుకు నెత్తిన టోపీ, కళ్ళకు నల్లద్దాలు, కాళ్ళకు బూట్లు అన్నీ ఉన్నాయి. ఆయన నిలబడింది మాత్రం చెట్టునీడలో! ఈ దేశంలో రక్షణ అంతా అపాయం లేని చోటనే ఉంటుంది.

పక్కన బోదగడ్డి కప్పిన టీ అంగడి ఒకటి. యజమాని చెంగల్రాయుడు, ఆయన భార్య రత్నమ్మ. గ్లాసుల మీద ఈగలు చూసి, శుభ్రం గురించి వాళ్ళకు పోగానే నాలుగు మాటలు చెప్పాను. ముందర బెంచీ మీద ఊరి రైతులు నలుగురు. వాళ్ళలో తలపాగా పెద్దాయన గోవిందప్ప మాటే ఆ బెంచీ మీద మాట. ఆయన లేస్తే తక్కినవాళ్ళూ లేస్తారు, ఆ ఊరి బేరం మొత్తం వాళ్ళతోపాటే లేచిపోతుంది. బల్లమీద ఒక వరస గ్లాసులు. చూరు కింద చెక్కమీద ఇంకొక వరస. ఆ రెండో వరస గ్లాసుల అడుగున ఎర్ర రంగు చుక్క.

"ఏమయ్యా, ఆ చుక్క ఎందుకు?" అన్నాను.

"గుర్తు సామీ" అన్నాడు చెంగల్రాయుడు.

"దేనికి గుర్తు?"

ఆయన టీ ఎత్తి పోస్తూ నురగలోకే చూస్తున్నాడు. "సదువుకున్నోళ్ళు, మీకు తెల్దా? నా నోటితోనే సెప్పించాలనా?"

తెలుసు. తారుపని చేసే ఆడవాళ్ళు ఊరి బయట వాడలనుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ కులానికి ఆ గ్లాసులు. తాగాక ఎవరి గ్లాసు వాళ్ళే కడిగి చూరు కింద పెట్టాలి. అంటరానితనం నేరమని చట్టం వచ్చి ఎన్నేళ్ళయింది? నేను గొంతు పెంచాను. గోవిందప్ప తాపీగా అందుకున్నాడు.

"ఏమప్పా, వచ్చినకాడి నుంచి శుభ్రం శుభ్రం అంటాండావు. ఎవుని గలాసు వానికుంటే ఒకరి రోగం ఇంగొకరికి రాదు గదా. మేం సేసేదీ అదేలే."

"పెద్దాయనా, మీ గ్లాసు మీద వాలిందే ఆ ఈగ, అది ఏ కులం?"

"ఈగకు యాడుంది కులం?"

"ఇప్పుడే చూరు కింద గ్లాసుల మీదినుంచి లేచి మీ దగ్గరికి వచ్చింది. దానికి చుక్క కనబడలేదేమో!"

బస్సువాళ్ళు నవ్వారు. గోవిందప్ప కూడా మీసం కిందనే నవ్వి, ఈగను తోలుకొని, "నోరుండాదిలే నీకు" అన్నాడు. అంతే. వాదంలో గెలిచాను, గ్లాసులు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా నా గెలుపులన్నీ ఇట్లాంటివే.

అప్పుడు రోడ్డు అవతల జీపు ఆగింది. చెంగల్రాయుడి మొహం పాలిపోయింది. శానిటరీ ఇన్స్పెక్టరు! పక్క ఊళ్ళో భేదులు మొదలయ్యాయని, గ్లాసులన్నీ రోజూ మరిగే నీళ్ళలో వేయకపోతే అంగడి మూయిస్తానని కిందటి వారమే చెప్పిపోయాడట. ఇప్పుడు కూలీలకు సూదులు వేయించి ఇటే వస్తాడు. చెంగల్రాయుడు గ్లాసులు ఏవీ మరగబెట్టలేదు. రత్నమ్మ వెంటనే వడ్లు ఉడకబెట్టే పెద్ద అండాలో నీళ్ళు పోసి పొయ్యెక్కించింది. బల్లమీద గ్లాసులు అందులో వేసింది. చూరు కిందివీ తెచ్చి అందులోనే వేసింది.

"ఏయ్! అవి యాడేస్తాండావే?" అన్నాడు మొగుడు.

"ఉండేది ఒక పొయ్యి, ఒక అండా. నువ్వు పోయి ఇంగొక పొయ్యి తెస్తావా?"

చెంగల్రాయుడు బెంచీవైపు చూసి, గొంతు తగ్గించి, "సరేలే, సుక్క ఉండాది గదా. మళ్ళా ఏరుకుందాం" అన్నాడు.

ఇన్స్పెక్టరు వచ్చి అండాలోకి తొంగిచూశాడు. తృప్తి కలగలేదు. చాకలి సోడా తెప్పించి తన చేత్తోనే పిడికెడు వేసి, బాగా మరగనిమ్మన్నాడు. నీళ్ళు కుతకుత ఉడికాయి. రెండు గ్లాసులు టప్పున పగిలాయి. కాసేపటికి నురగమీద ఎర్రటి పెచ్చులు తేలాయి.

"ఇదేంది, కుంకుమేసి పూజ సేసినారా?" అన్నాడు ఇన్స్పెక్టరు. "రోజూ ఇట్లనే సెయ్యాల. ఒక్క గలాసు ఇందులో మునగలేదని తెలిసినా బీగం ఏస్తా" అని ఆయన జీపెక్కాడు.

రత్నమ్మ గరిటెతో గ్లాసులు తీసి బల్లమీద బోర్లించింది. చెంగల్రాయుడు ఒకటి ఎత్తి అడుగు చూశాడు. ఇంకొకటి చూశాడు. ఎండకేసి పట్టుకొని చూశాడు. చుక్క లేదు. అన్నీ అద్దాల్లాగా మెరుస్తున్నాయి.

ఈలోగా కూలీలు టీకి వచ్చి చూరు కింద నిలబడ్డారు. ముందర మునెమ్మ అనే నడివయసు మనిషి, మోచేతుల దాకా తారు. అలవాటుగా చెక్కమీదికి చేయి చాపింది. చెక్క ఖాళీ. ఆమె రత్నమ్మవైపు చూసింది, రత్నమ్మ మొగుడివైపు చూసింది, మొగుడు గోవిందప్పవైపు చూశాడు. టీ పోసిన గ్లాసులు బల్లమీద పొగలు కక్కుతున్నాయి. ముట్టుకునేవాడు లేడు.

"నాది యాది?" అన్నాడు గోవిందప్ప.

"అన్నీ నీవే మామా. అన్నీ వాళ్ళవే" అంది రత్నమ్మ.

నా నోట్లో గొప్ప ఉపన్యాసం సిద్ధంగా ఉంది. కమల నా మోచేయి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడొద్దు" అంది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

గోవిందప్ప గ్లాసు తీసుకున్నాడు. లేచి పోతాడనుకున్నాం. ఆయన తలపాగా సర్దుకొని, తల వెనక్కి వంచి, గ్లాసు జానెడు ఎత్తుకు లేపాడు. ఎత్తి తాగుతాడట! మంచినీళ్ళతో నేర్చుకున్న విద్య, పొగలుకక్కే టీతో పరీక్ష. ధార ఒకటి మీసం మీద, ఒకటి ముక్కులో, తక్కింది చొక్కాలో పడింది. "అమ్మా!" అని గంతు వేశాడు. మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేకపోయింది.

"పెదవి ఆనిచ్చి తాగు పెద్దయ్యా! గలాసేం కరవదు."

ముందు కూలీలు నవ్వారు, తర్వాత బస్సు, తర్వాత బెంచీ. గోవిందప్ప ముక్కు తుడుచుకుంటూ కోపంగా చూద్దామనుకున్నాడు, మొహం సహకరించలేదు. ఆయనా నవ్వేశాడు. "నాలిక బొబ్బలెక్కి సచ్చేకన్నా ఇదే మేలులే" అని కూర్చుని, మిగిలిన టీ పెదవి ఆనిచ్చి తాగాడు. మునెమ్మ కూడా ఒక గ్లాసు తీసుకుంది. నిలబడే తాగింది, తొందరపడకుండా తాగింది. తాగి, గ్లాసు కడగడానికి నీళ్ళ చెంబు దగ్గర వంగింది. రత్నమ్మ వచ్చి ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

"నువ్వు కడగబాకమ్మా. అండాలో ఏస్తా."

హారన్ మోగింది. వడమాలపేట దాటి తిరుపతి చేరేసరికి పదకొండు. ఆసుపత్రిలో పసిపిల్ల పిడికిళ్ళు బిగించుకొని గుక్కపట్టి ఏడుస్తోంది. "అచ్చం మీలాగే" అంది కమల. ఆ వార్డులో ఉన్నవాళ్ళందరికీ మైసూరుపాకు పెట్టాం. ఒక్కరు కూడా "పోనీలే" అనలేదు.

సోడా నీళ్ళతో కులం పోతుందని నేను రాయడంలేదు. రంగు డబ్బా దొరకనంత కరువేం రాలేదు, చెంగల్రాయుడు మర్నాడే మళ్ళీ చుక్కలు పెట్టుకోవచ్చు. ఆ అనుమానంతోనే మూడోనాడు తిరిగి ఆ దారినే వచ్చి, అంగడి దగ్గర దిగి, గ్లాసులన్నీ ఒక్కొక్కటే ఎత్తి అడుగు చూశాను. "ఏం సామీ, ఓటి గలాసులనుకున్నావా?" అని రత్నమ్మ నవ్వింది. చుక్కలు లేవు, చూరు కింద చెక్కా లేదు. పొయ్యిలోకి పోయిందట. గోవిందప్ప మాత్రం ఇంటినుంచి సొంత ఇత్తడి లోటా తెచ్చుకుంటున్నాడు. నా మొహం ముడుచుకుంటుండగానే రత్నమ్మ ఆ లోటాను ఆయన చేతిలోంచి లాక్కొని, అందరి గ్లాసులతోపాటు అండాలో పడేసింది. "ఇనిస్పెట్రు రూలు మామా, నేనేం సేసేది?" అంది. పెద్దాయన నావైపు చూసి మీసం దువ్వుకున్నాడు. నేను వాదించలేదు. టీ తాగాను.

ఈ దారిన పోయేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఎక్కడ టీ తాగినా గ్లాసును మీ కళ్ళముందే మరిగే నీళ్ళలో ముంచమనండి. చేతికిచ్చాక ఒకసారి ఎత్తి అడుగు చూడండి. చుక్క ఉన్నా, గుర్తు ఉన్నా, ఎందుకని అడగండి, పక్కవాళ్ళకు వినబడేట్టు అడగండి. తర్వాత పెదవి ఆనిచ్చి నిదానంగా తాగండి.