హైందవి గారి భరిణె

చెన్నై పురసవాక్కంలో చీరల కొట్లు దాటి పక్కసందులోకి తిరిగితే, ఒక రెండో అంతస్తు బాల్కనీలో జనని పరిశ్రమ ఉంది. పరిశ్రమ అంటే వాషింగ్ మిషను. బట్టలు ఉతకని వేళల్లో దాని మూత మీద ప్లాస్టిక్ షీటు పరిస్తే అది కర్మాగారం. షీటు తీసేస్తే మళ్ళీ వాషింగ్ మిషనే. పసిపిల్లల పుట్టువెంట్రుకలు, ఊడిన పాలపన్ను, రాలిన బొడ్డు వగైరాలను గాజులా గట్టిపడే రెజిన్‌లో నిలిపి లాకెట్లుగా చేసివ్వడం అక్కడి పని. కాలాన్ని ఆపే ఈ మహత్కార్యం, పెద్దపిల్ల లక్ష్మీప్రియ ఎల్కేజీకి వెళ్ళాక చిన్నబాబు కునుకు తీస్తే మొదలయ్యేది, వాడు కళ్ళు తెరిస్తే ముగిసేది.

జననికి లోకంలో అన్నీ భయాలే. గ్యాసు కట్టానా లేదా అని సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషి. రెజిన్ వాసన పిల్లలకు సోకుతుందని బాల్కనీ తలుపు మూసేది. మూస్తే పిల్లలు లోపల ఏం చేస్తున్నారో కనిపించదని తెరిచేది. అటువంటి మనిషి, పోతే మళ్ళీ దొరకని వస్తువులను పరాయివాళ్ళ దగ్గర తీసుకుని దాచే వ్యాపారంలోకి దిగడానికి కారణం ధైర్యం కాదు. ఇంట్లో కూర్చుని చేసుకోదగ్గ పనుల్లో కేకులు అత్తగారికి గిట్టలేదు, కుట్టుపని తన నడుముకు గిట్టలేదు. మిగిలింది ఇది. మొగుడు విఘ్నేష్ చీరల కొట్లో పనిచేస్తాడు. కొనని వాళ్ళ ముందు కూడా రోజంతా చీరలు విప్పి మడిచే ఓర్పున్నవాడు కనుక, "చేసి చూడు, కాకపోతే మడిచి పెట్టేద్దాం" అన్నాడు.

అత్తగారు మంగళ. వాళ్ళది ఎన్ని తరాలుగానో మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబం. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే ఆవిడ కిటికీలోంచి వీధిని చూపిస్తుంది.

ఆ బాల్కనీకి ఒక శనివారం హైందవి వచ్చింది. గుంటూరు పిల్ల, ఊరికి ఆ చివర ఓయెమ్మార్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రొమ్ముకు కట్టుకున్న సంచిలో ఆరునెలల పాప, చేతిలో వెండి కుంకుమ భరిణె. భరిణెలో దూది, దూదిలో నల్లగా ముడుచుకుపోయిన బొడ్డు. లవంగానికి ఎక్కువ, ఎండుద్రాక్షకు తక్కువ.

"మా పాప నెలలు నిండకుండా పుట్టిందండి," అంది హైందవి. "గాజుపెట్టెలో పెట్టారు. ముట్టుకోనివ్వలేదు. ఇది రాలినప్పుడు నర్సు తెచ్చి నా చేతిలో పెట్టింది. పాపకన్నా ముందు నేను పట్టుకున్నది దీన్నేనండి."

జనని భరిణెను రెండు చేతులా అందుకుంది. అప్పుడే తిరిగి ఇచ్చేద్దామనిపించింది. అయినా వ్యాపారస్తురాలు అనవలసిన మాటే అంది.

"నా బిడ్డదిగానే చూసుకుంటా మేడం."

ఆ వారం చెన్నైని వాన పట్టుకుంది. బళ్ళకు సెలవిచ్చారు. ఇద్దరు పిల్లలూ ఇంట్లో ఉండగా పని ముట్టకూడదన్నది సంస్థ నియమావళిలో మొదటి నిబంధన. హైందవికి ఇచ్చిన గడువు దగ్గరపడుతోందన్నది సంస్థకు పట్టుకున్న మొదటి భయం. రెంటికీ మధ్య జరిగిన పోరులో భయమే గెలిచింది. చిన్నబాబు నిద్రపోతుండగా జనని షీటు పరిచి, భరిణె తెరిచి, బొడ్డును పట్టకారుతో తీసి కాగితం మీద పెట్టింది. రెజిన్ సీసాల మూతలు ఇంకా తియ్యలేదు. లోపల దబ్బున చప్పుడు, వెంటనే ఏడుపు. చిన్నబాబు మంచం దిగాడు, తలతో.

వాణ్ణి ఎత్తుకుని, నుదుటికి తడిగుడ్డ అద్ది, ఏడుపు ఆపించి, కింద వదిలి, ఉప్పొంగుతున్న పాలు దించి బాల్కనీకి వచ్చేసరికి కాగితం ఉంది. కాగితం మీద ఏమీ లేదు. మిషను పక్కన చిన్నబాబు కూర్చుని, ఏదో నములుతున్నాడు.

జనని వాడి నోట్లో వేలు పెట్టింది. వాడు కొరికాడు. మళ్ళీ పెట్టింది. ఒక బొరుగు బయటికి వచ్చింది. అంతకుముందు ఏం లోపలికి వెళ్ళిందో చెప్పగల వయసు వాడిది కాదు.

"అత్తా," అని పిలిచింది.

మంగళ వచ్చి, సంగతి విని, మనవడి పొట్టను పుచ్చకాయను చూసినట్టు వేలితో తట్టి చూసింది.

"మింగినా ఏమీ కాదులే. మా కాలంలో బిడ్డల్లేనోళ్ళు అరటిపండులో పెట్టుకుని మింగతా ఉండిరి. వీనికి రేపు పెళ్ళయితే బిడ్డలకి కరువుండదు."

"అత్తా, అది ఆ మేడంది."

"ఆమెది ఏడుంది, ఆమె కూతురిది," అని సవరించి, మంగళ చీపురు తెచ్చింది.

జనని ఆమె చేతిలోంచి చీపురు లాక్కుంది. చిమ్మితే ఉన్నది కూడా పోతుంది. ఇద్దరూ నేల మీద పాకుతూ వెతికారు. మిషను కింద, చెప్పుల్లో, బొరుగుల డబ్బాలో, కాలువ జల్లెడ దగ్గర. హాల్లో బొమ్మతో ఆడుకుంటున్న లక్ష్మీప్రియను విచారణకు పిలిచారు.

"పాపా, ఆడ కాగితం మింద నల్లగా చిన్నది ఉండె కదా. పారేసినావా?"

"ఇల్లమా," అని అడ్డంగా తలూపింది.

"నోట్లో పెట్టుకున్నావా?"

"ఛీ," అంది లక్ష్మీప్రియ.

సాక్షి నిజమే చెప్పింది. విచారణాధికారులకు మూడో ప్రశ్న తట్టలేదు.

జనని గోడకు ఆనుకుని కూలబడింది. వాన జల్లు మిషను మీద పడుతోంది, లేచి షీటు సర్దాలని కూడా తోచలేదు. గాజుపెట్టెకు ఇవతల చెయ్యి చాపి నిలబడ్డ ఒక తల్లి, ఆ చేతిలో నర్సు పెట్టిన నల్లటి ముక్క, అదే కళ్ళలో మెదులుతోంది. ఎదురుగా చిన్నబాబు పాకుతున్నాడు. వాడి మొలతాడుకు వెండి తాయెత్తు ఊగుతోంది. అందులో వాడి బొడ్డు ఉంది. పుట్టిన నెలలోనే మంగళ దగ్గరుండి పెట్టించి, లక్కతో మూయించింది.

ఎండిపోయాక ఏ బొడ్డయినా ఒకటే. లాకెట్లో పెట్టి, చుట్టూ రెండు ముత్యాలు చల్లితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. నా బిడ్డదిగా చూసుకుంటానన్న మాట ఇంత అక్షరాలా నిలబడుతుందని జనని అనుకోలేదు. తన ఆలోచనకు తనే జడుసుకుంది. అయినా చెయ్యి తాయెత్తును విప్పింది.

"అది తెరవకూడదు మే," అంది మంగళ. ఆవిడ గొంతులో అంత తొందర ఏనాడూ లేదు. "దోషం. ఈడ పెట్టు."

"దోషం నాకే రానీ అత్తా."

పిన్నీసుతో లక్క గీకింది. మూత ఊడింది. అరచేతిలో రాలిన దాన్ని చూసింది. వాసన చూసింది.

శొంఠి.

మంగళ చీర కొంగు సర్దుకుంది, సర్దడానికి ఏమీ లేకపోయినా.

"నువ్వు పురిటి మంచం దిగకముందే, ఇల్లు చిమ్మతా ఆ బొడ్డును నేనే చిమ్మేసినాను," అంది చివరికి. "చెప్తే నువ్వు ఏడస్తావని చెప్పలేదు. శొంఠి మంచిదే కదా, బిడ్డలకి."

చిన్నబాబుకు జ్వరం వచ్చినప్పుడల్లా జనని ఆ తాయెత్తును గుప్పిట్లో పట్టుకుని కూర్చునేది. దగ్గు మందు మీద లేని నమ్మకం దాని మీద ఉండేది. ఇన్నాళ్ళూ తను పట్టుకున్నది వంటింటి దినుసు. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. శొంఠి ముక్క మాత్రం లాకెట్‌కు అచ్చంగా సరిపోయే కొలతలో ఉందని గమనించింది. గమనించి, దాన్ని నేల మీద పెట్టేసి ఫోను తీసుకుంది, మనసు మారేలోగా.

"మేడం, మీ పాపది కనిపించలేదు. నా దగ్గిరే పోయింది. వెతకతా ఉండాము."

అవతల కీబోర్డు టకటక ఆగింది.

"వస్తున్నానండి," అంది హైందవి.

ఓయెమ్మార్ నుంచి పురసవాక్కానికి వానలో రావడం మామూలుగా వచ్చేవాళ్ళకు శిక్ష. ఆ రోజు అది ఎదురుచూసేవాళ్ళకు పడింది. కింద ఆటో ఆగిన ప్రతిసారీ జనని లేచి నిలబడింది, ఆటో కదిలితే కూర్చుంది. ఏం చెప్పాలో నోట్లో కూడబలుక్కుంది. తిడితే పడాలి. ఏడిస్తే?

హైందవి తిట్టలేదు. ఏడవనూ లేదు. తడిసిన చున్నీతో లోపలికి వచ్చి, పాపను చాప మీద పడుకోబెట్టి, "ఎక్కడ పెట్టారు?" అని అడిగి, మోకాళ్ళ మీద కూర్చుని వెతకడం మొదలెట్టింది. జననికి అది తిట్టుకన్నా భరించలేనిదిగా ఉంది.

ఇంట్లోకి పాప వచ్చిందంటే లక్ష్మీప్రియకు అతిథి వచ్చినట్టే. తన బొమ్మను తెచ్చి పాప ముఖం ముందు పెట్టి, గౌను పైకెత్తి చూపించింది.

"నీకు ఉందా? నా పాప్పాకి తొప్పుళ్ వచ్చేసింది."

తొప్పుళ్ అంటే అరవంలో బొడ్డు. ప్లాస్టిక్ పొట్ట నడిమధ్యన, బళ్ళో రంగుకాగితాలు అంటించే గులాబీరంగు జిగురుతో, హైందవి కూతురి బొడ్డు పదిలంగా అతికించి ఉంది.

హైందవి బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, గోటితో మెల్లగా, ఎక్కడా విరగకుండా దాన్ని ఊడదీసింది. అరచేతిలో పెట్టుకుని వేళ్ళు మూసింది.

తిరిగి ఇచ్చేద్దామని జనని భరిణె తెచ్చి ముందు పెట్టింది. హైందవి దాన్ని చూసింది, తీసుకోలేదు.

"ఈ జిగురు పోతుందా అండీ?"

"పోతాది మేడం."

"అయితే కానివ్వండి. మీరు పోసేదాకా ఇక్కడే కూర్చుంటా." భరిణెను జనని వైపు నెట్టి అంది. "ఇంకొకరైతే ఏదో ఒకటి పెట్టి ఇచ్చేసేవాళ్ళు. నాకు తెలిసేదా?"

వంటింట్లో మంగళ చేతిలోంచి గరిటె జారింది.

హైందవి ఇద్దరు పసివాళ్ళనూ పట్టుకుని లోపల కూర్చుంది. తలుపు అద్దంలోంచి ఆమె చూస్తుండగా జనని రెజిన్ పోసింది. జీవితంలో అంత భయపడుతూ ఏ పనీ చెయ్యలేదు. ఒక బుడగ వచ్చింది. ఊపిరి బిగబట్టి సూదితో పగలగొట్టింది. గట్టిపడడానికి మర్నాటిదాకా పడుతుంది. అచ్చు మీద స్టీలు గిన్నె బోర్లించి, గిన్నె మీద రోకలి పెట్టి, బాల్కనీకి తాళం వేసి, తాళంచెవిని తాళిగొలుసుకు తగిలించుకుంది. హైందవి మంగళ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళింది, రేపు వస్తానని.

జనని నేల మీది శొంఠి ముక్కను తీసి మళ్ళీ తాయెత్తులో పెట్టి, కొవ్వొత్తి మైనంతో మూసి, చిన్నబాబు మొలకు కట్టింది.

"ఏముండాదో తెలిసినాక కూడా ఎందుకే?" అంది మంగళ.

"తీసేస్తే భయంగా ఉండాది అత్తా."

హాల్లో లక్ష్మీప్రియ ఏడుపు అందుకుంది. తన పాప్పాకు తొప్పుళ్ పోయిందట, ఇప్పుడే కావాలట. మంగళ వంటింట్లోకి వెళ్ళి శొంఠి డబ్బా మూత తీసింది.