మీతా దీదీకి నేర్పిన తెలుగు

వాన మొదలైతే చాలు, మా వరండాలో మేకుకు వేలాడే పాత తోలుపట్టా చెమ్మెక్కి, ఆవనూనె, తడిసిన కుక్కబొచ్చు కలిసిన వాసన ఇల్లంతా పరుస్తుంది. అది పీల్చగానే ఆ బెంగాలీ ఊళ్లో, రైల్వేవాళ్ల ట్రాఫిక్ కాలనీలో మా పాత క్వార్టర్సు, పెరట్లో జామచెట్టు, దాని కింద నా పాదాల మీద గడ్డం ఆనించి నిద్రపోయే చిట్టి, అన్నీ మగతలో వచ్చినట్టు వచ్చేస్తాయి.

నాన్న రైల్వే పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చేవాడు. అక్కడ పనికిరావన్న కుక్కపిల్లల్ని ఇంటికి తెచ్చి, చూపులేనివాళ్లకు దారి చూపడం నేర్పేవాడు. చిట్టి అలా వచ్చిందే. బాంబు వాసన పట్టమంటే పకోడీల బండి దగ్గర ఆగిందట! పెంచే పని నాది. చలికాలం పొగమంచులో ఇంజన్ల కూతలు వింటూ, ఎండాకాలం గుల్‌మొహర్ పూలు తొక్కుకుంటూ, దసరా పూజల రోజుల్లో ఢాక్ డప్పుల మోతల మధ్య, పందిట్లో వడ్డించే కిచిడీ ఘుమఘుమలు దాటుకుంటూ, నా చేతిలో అమ్మ చేసిన బూరె ఉన్నా కన్నెత్తి చూడకుండా నడవడం నేర్చుకుంది చిట్టి. మెట్టు వస్తే "ఆగు", దారి ఉంటే "పద", అడ్డముంటే "పక్కకి".

చిట్టిని ఇవ్వాల్సింది మా కాలనీ అవతల ఝపటాపూర్‌లో ఉండే మీతా దీదీకి. ఆవిడకు పుట్టుకతోనే చూపులేదు. పిల్లలకు పాటలు నేర్పేది, కానీ వాళ్లన్నయ్య చెయ్యి పట్టుకోకుండా గడప దాటి ఎరగదు. చిక్కల్లా ఒకటే: ఆవిడకు తెలుగు రాదు, చిట్టికి బెంగాలీ రాదు. నాన్న తల పట్టుకుంటే అమ్మ బియ్యం చెరుగుతూ తేల్చేసింది.

"కుక్కకి మళ్లీ మొదట్నుంచి ఏటి నేర్పుతావు? ఆ పిల్లకే నాలుగు మాటలు సెప్తే పోద్ది."

చెప్పే పని నా నెత్తిన పడింది. సాయంత్రాలు జామచెట్టు కింద దీదీ "ఆగూ..." అని రాగం తీసేది; ఇదేదో కొత్త పాటనుకుని చిట్టి చెవులు నిక్కించి వినేది. నేను నవ్వేదాన్ని, నవ్వుతూనే లోపల కుళ్లుకునేదాన్ని. దీదీకి ఒక్కో మాట పట్టుబడేకొద్దీ చిట్టి నాకు దూరమవుతోందని నాకు తెలుసు.

చివరికి ఒక్క మాట మిగిలింది. "రామ్మా." అన్నానికీ, ఆటకీ, పక్కలోకీ చిట్టిని నేను పిలిచే పిలుపు. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. నాన్న నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అది నీ పిలుపని నాకూ తెలుసే, బుజ్జీ. రోడ్డు మీద ఆ పిల్ల సేతిలోంచి పట్టా జారిపోతే ఏటని పిలుస్తాది?"

ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే దీదీ చెవిలో చెప్పాను. ఆవిడ పెరటి తలుపు దగ్గర నిలబడి, ఏ రాగమూ లేకుండా, అచ్చం నాలాగే పిలిచింది. చిట్టి నా వంక చూసింది. నేను పెదవులు బిగబట్టుకున్నాను. అది తోక ఊపుకుంటూ దీదీ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ ఏటి పూజలకి పూరీ గేట్ దగ్గర పందిళ్ల సందడిలో వాళ్లిద్దరినీ చూశాను. పక్కన వాళ్లన్నయ్య లేడు. దీదీ తల ఎత్తుకుని నడుస్తోంది. నేను పిలవలేదు.

ఇప్పుడు ఆ క్వార్టర్సు లేవు, జామచెట్టు లేదు, నాన్న లేడు. చిట్టి ముసలిదై దీదీ ఒడిలోనే కన్నుమూసింది. దాని పట్టా తెచ్చి నాకిచ్చింది ఆవిడే. మొన్న దసరాకి బూరెలు తినడానికి తెల్లకర్రతో వచ్చింది. మా గుమ్మం మెట్టుకు కర్ర తగలగానే నిలబడి, అలవాటుగా, మెల్లగా "ఆగు" అంది. పక్కన ఎవరూ లేరు.

నేను గుమ్మంలోకి వచ్చాను. ఎన్నో ఏళ్లుగా నేను వాడని మాట అదే నోటికి వచ్చింది.

"రామ్మా, దీదీ" అన్నాను.